బళ్ళారి నాటకానికి సరిహద్దులో ఒక ఇల్లు

గుంతకల్లు నుంచి బళ్ళారి వెళ్ళే రోడ్డు మీద విడపనకల్లు ఉంది. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి. అదును చూసుకుని పప్పుశనగ, పత్తి వేస్తారు, వాన రాకపోతే ఆకాశం వైపు చూస్తారు. తెలుగు నాటకం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఊరు ఎవరి నోటా రాదు. రాజమహేంద్రవరం వస్తుంది, తెనాలి వస్తుంది, విజయనగరం వస్తుంది. అయితే తెలుగు రంగస్థలానికి పద్యం, పాట, విషాదాంతం అలవాటు చేసిన మనుషులు ఈ దారికి అటు చివర బళ్ళారిలో వకీళ్ళుగా బతికినవాళ్ళు. ధర్మవరంలో 1853లో పుట్టిన రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో సరస వినోదినీ సభ నడిపారు. ఆయన ‘విషాద సారంగధర’ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెబుతారు. ఆయనకు పోటీగా కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపి, చరిత్రను నాటకానికి వస్తువుగా చేశారు. తాడిపత్రిలో 1880లో పుట్టిన రాఘవ, రామకృష్ణమాచార్యులకు మేనల్లుడు, ఆ ఇద్దరి చెట్టునీడనా పెరిగి బళ్ళారి రాఘవగా దేశమంతా తెలిశాడు. ఈ ముగ్గురి నాటకాల ప్రతులు, కరపత్రాలు, ఫొటోలు, ఉత్తరాలు, ప్రదర్శనల లెక్కలు ఒకచోట పెట్టి అడిగినవాళ్ళకు చూపించే గది రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు. ఆ గది కావాలి. అది ఒక పాత మిద్దెలో, విడపనకల్లులాంటి సరిహద్దు మండలంలో ఉండాలి. ఈ మాట వినగానే వచ్చే అభ్యంతరాలు చాలానే ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్ళే ముందు అసలు పోయిందేమిటో చూడాలి.

1891లో రామకృష్ణమాచార్యుల బృందం మద్రాసు వెళ్ళి నాటకాలు ఆడింది. పమ్మల్ సంబంద ముదలియార్ అనే తమిళ యువకుడు అవి చూశాడు. చదువుకున్న పెద్దమనుషులు ముఖానికి రంగు వేసుకుని, తలవంపులు అనుకోకుండా వేదిక ఎక్కడం అతనికి కొత్త. ఆ ఏడాదే మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. ఆధునిక తమిళ నాటక చరిత్ర ఆ సభ నుంచే మొదలవుతుంది. ఈ సంగతి మనకు తెలిసింది ముదలియార్ తన రంగస్థల జ్ఞాపకాలను పూనుకుని గ్రంథస్థం చేసినందువల్ల. ఆ తమిళ నాటక సభకు స్ఫూర్తి ఎవరో తమిళ పుస్తకం చెబుతోంది. స్ఫూర్తినిచ్చిన తెలుగు సభ ఆ రాత్రి ఏ వరుసలో ఏ పాత్రలు కట్టింది, ఎవరు పాడారు, తెర ఎన్నిసార్లు పడింది అని అడిగితే తెలుగులో చూపించడానికి ఒక దస్త్రం లేదు. నాటకం ఆడి మరచిపోయే జాతికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. కోలాచలం ఈ లోపాన్ని ముందే గ్రహించినట్టు కనిపిస్తుంది. ఆయన 1908లో ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో రాసి ప్రచురించారు. బళ్ళారిలో కూర్చుని ప్రపంచ నాటకాల లెక్క రాసిన మనిషి సొంత సభ లెక్క మాత్రం ఇవాళ చెల్లాచెదురుగా ఉంది.

ఇది ఎవరో ఒకరి నిర్లక్ష్యం మాత్రమే కాదు, సరిహద్దులు గీసిన తీరులోనే ఈ నష్టం ఉంది. 1882లో అనంతపురం జిల్లా బళ్ళారి నుంచే విడిపోయింది. అయినా మనుషుల రాకపోకలు, కోర్టు పనులు, పెళ్ళి సంబంధాలు, నాటకాలు బళ్ళారితోనే ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్ళారి పట్టణం మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. పట్టణం ఒక రాష్ట్రానిది, నాటకాల భాష ఇంకో రాష్ట్రానిది. కర్ణాటకకు ఇది పొరుగు భాష నాటకం, మనకు ఇది పొరుగు రాష్ట్రం ఊరు. మధ్యలో ఉన్న కాగితానికి యజమాని లేకుండా పోయాడు. 2014లో ఇదే కథ హైదరాబాదులో మళ్ళీ నడిచింది. తెలుగు విశ్వవిద్యాలయం రాష్ట్ర విభజన చట్టంలోని పదో షెడ్యూలు సంస్థల్లో చేరి పంపకాల పంచాయితీలో పడింది. రాష్ట్రం విడిపోయినప్పుడల్లా ఆస్తులకు, అప్పులకు లెక్కలు కడతారు. సంస్కృతి దస్త్రాల కోసం కమిటీ ముందు కూర్చుని వాదించే వాళ్ళు కరువు. న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. బళ్ళారి వాళ్ళు రాఘవను మరచిపోలేదు. ఆయన పేరుతో కళామందిరం కట్టుకున్నారు, స్మారక సంఘం నడుపుకుంటున్నారు. సొంత వాళ్ళమని చెప్పుకునే మనం చేసింది అంతకన్నా తక్కువే.

నాటక దస్త్రం అంటే అచ్చు పుస్తకం అనుకుంటే పొరపాటు. అచ్చయిన నాటకం గ్రంథాలయాల్లో ఎలాగో దొరుకుతుంది. నాటకం ఆడిన విధానం అచ్చు పుస్తకంలో ఉండదు. అది ప్రాంప్టరు చేతిలోని ప్రతిలో ఉంటుంది. పక్కతెర వెనక లాంతరు వెలుగులో పట్టుకుని చదివిన నోటుబుక్కు అది. అంచులు నూనెతో, చెమటతో నల్లబడి ఉంటాయి. పద్యం పక్కన రాగం పేరు రాసి ఉంటుంది. సాగదీసే చోట గీత, కొట్టేసిన డైలాగు మీద అడ్డగీత, ఏ ఊళ్ళో ఏ పాత్ర ఎవరు కట్టారో పెన్సిలుతో రాసిన పేర్లు కనిపిస్తాయి. ‘వన్స్ మోర్’ వచ్చే పద్యం దగ్గర హార్మోనిస్టు ఊపిరి పీల్చుకోవడానికి ఎక్కడ ఆగాలో కూడా గుర్తు పెట్టి ఉంటుంది. కరపత్రం ఇంకో లోకం. టిక్కెట్టు ధరలు, కుర్చీకి ఎంత, బెంచీకి ఎంత, నేలకు ఎంత, ఆడవాళ్ళకు వేరుగా చోటు ఉందా లేదా, అన్నీ అందులో ఉంటాయి. సీన్లు, డ్రెస్సులు అద్దెకు తెచ్చిన దుకాణం రసీదు చూస్తే ఒక జాతరలో ఎంత ఖర్చయిందో తెలుస్తుంది. సాహిత్య చరిత్రకారుడు నాటకకర్త పేరు చెప్పి ఊరుకుంటాడు. నాటకం ఒక ఊరు కలిసి చేసిన పని అని చెప్పేది ఈ చిత్తు కాగితాలే. వీటిని ఇళ్ళల్లో అటక మీద పెడతారు. అటక శుభ్రం చేసే రోజు చెత్త బండి ఎక్కిస్తారు.

ఇంకో ఉదాహరణ చూస్తే ఈ కాగితాల విలువ మరింత తేటపడుతుంది. కోలాచలం ‘రామరాజు చరిత్ర’ విజయనగర పతనం మీద రాసిన నాటకం. అందులో పఠాన్ రుస్తుం పాత్ర రాఘవకు గొప్ప పేరు తెచ్చింది. మతాల మధ్య చిచ్చు పెడుతుందన్న కారణంతో ఆనాటి ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. హంపీ శిథిలాలకు ఇంత దగ్గరలో కూర్చుని రాసిన నాటకాన్ని ఒక ప్రభుత్వం ఎందుకు భయపడి ఆపింది? అభ్యంతరం చెప్పింది ఎవరు, ఏ మాటకు? జనం ఆ పాత్రను ఎలా తీసుకున్నారు? ఈ ప్రశ్నలకు జవాబులు పోలీసు ఫైలులోను, పత్రికలోను, నాటక సభ మినిట్సు పుస్తకంలోను విడివిడిగా ఉంటాయి. అవి ఒకే బల్ల మీదికి వచ్చిన రోజు చరిత్ర మీద ఇవాళ నడుస్తున్న మన గొడవలకూ కొంత వెలుగు దొరుకుతుంది. రాఘవ ఆడవేషం ఆడవాళ్ళే కట్టాలని పట్టుబట్టినవాడు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటి వాళ్ళు వేదిక ఎక్కిన ఆ రోజుల్లో ఇంట్లో ఏం మాట జరిగింది, వీధిలో ఎలాంటి వెక్కిరింత ఎదురైంది అన్నది ఉత్తరాల్లో తప్ప పుస్తకాల్లో దొరకదు.

పాత భవనంలో నాటక భాండాగారం పెట్టడం కొత్త ఆలోచన కాదు. వెనిస్ నగరంలో కార్లో గోల్డోనీ అనే నాటకకర్త 1707లో పుట్టిన ఇల్లు పదిహేనో శతాబ్దపు గోతిక్ మేడ. దాన్ని నగరానికి ఇచ్చాక బాగు చేయించి 1953లో మ్యూజియంగా తెరిచారు. మన బళ్ళారి మైసూరు వైపు వెళ్ళిన సంవత్సరమే అది, కాకతాళీయమే అనుకోండి. కింద మన తోలుబొమ్మలాటకు చుట్టం లాంటి పద్దెనిమిదో శతాబ్దపు బొమ్మలాట వేదిక ఉంది, పైన నాటక శాస్త్ర గ్రంథాలయం ఉంది. చూసి పోయేవాడికి బొమ్మలు, కూర్చుని చదివేవాడికి పుస్తకాలు. మాస్కోలో బఖ్రూషిన్ అనే తోళ్ళ వ్యాపారి వంశస్థుడు నటుల చెప్పుల దగ్గర నుంచి చేతిరాతల దాకా పోగేసి, 1894లో సొంత మేడలోనే నాటక మ్యూజియం తెరిచాడు. 1913లో మొత్తాన్ని సైన్సు అకాడమీకి అప్పగించాడు. నాలుగేళ్ళకు విప్లవం వచ్చి ధనికుల మేడలన్నీ పోయాయి. ఈ మేడ నిలిచింది. ఆయన 1929లో చనిపోయే దాకా దానికే డైరెక్టరుగా పనిచేశాడు. రాజ్యం మారినా సంగ్రహం నిలవడానికి కారణం అది అప్పటికే ఒక సంస్థ చేతిలోకి వెళ్ళి ఉండడం. మన దగ్గర రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇల్లు, విజయనగరంలో గురజాడ ఇల్లు కాపాడుకున్నాం. సంతోషించవలసిన విషయమే. అయితే అవి మహనీయుల స్మారకాలు, దండ వేసి దణ్ణం పెట్టే చోట్లు. 1880లో కందుకూరి నాటకం ఎలా ఆడారో, 1892లో ‘కన్యాశుల్కం’ తొలి ప్రదర్శన ఏ తీరున జరిగిందో పరిశోధించే విద్యార్థి అక్కడికి వెళ్తే కుర్చీ వేసి దస్త్రం తెచ్చి ముందు పెట్టే ఏర్పాటు వేరే ఉండాలి.

ఇక్కడే జాగ్రత్త పడాలి. భవనం దొరకగానే పని అయిపోయిందనుకోవడం మన ప్రభుత్వాలకూ, మన సంఘాలకూ ఉన్న పాత జబ్బు. లండన్‌లో కోవెంట్ గార్డెన్ లాంటి నాటకశాలల నడిబొడ్డులో 1987లో పెద్ద నాటక మ్యూజియం తెరిచారు. 2007లో మూసేశారు. సంగ్రహం మాత్రం పోలేదు, ఎందుకంటే అది విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకు చెందినది, జాబితా ఉన్నది, వెనక్కి వెళ్ళిపోయింది. అదే దేశంలో మాండర్, మిచెన్‌సన్ అనే ఇద్దరు నటులు ఇంటినిండా పోగేసిన నాటక సామగ్రి ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారి మారి చివరికి 2010లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చేరింది. ఈ రెండు కథల్లో నిలిచింది జాబితా, మారింది చిరునామా. కాబట్టి మిద్దెకు సున్నం కొట్టించడం కన్నా ముందు రావలసింది ఒక రిజిస్టరు, దాన్ని రాయడం వచ్చిన ఒక ఉద్యోగి, ఆ ఉద్యోగికి నెలనెలా జీతం. కలకత్తాలో ప్రతిభా అగ్రవాల్ 1981లో స్థాపించిన నాట్య శోధ్ సంస్థాన్ ఈ పనినే ఓపిగ్గా చేసింది. ఇంటర్వ్యూలు రికార్డు చేశారు, ఫొటోలు, కరపత్రాలు, ప్రతులు పోగేశారు. అక్కడ మొదటి పని పోగుచేయడం, ప్రదర్శన తరువాత.

ఇక అభ్యంతరాలు. మొదటిది అందరికీ తోచేదే. తాగునీటికే గతిలేని కరువు సీమలో నాటక మ్యూజియం ఏమిటి, ముందు చెరువు బాగుచేయండి అంటారు. చెరువు బాగుచేయవలసిందే, అందులో వాదన లేదు. ఈ రెండూ ఒకే డబ్బు సంచీలోంచి రావలసిన ఖర్చులని ఎవరు చెప్పారు? ఉరవకొండ ప్రాంతమంతా ఇవాళ గాలిమరలు తిరుగుతున్నాయి. కంపెనీల చట్టం 2013 ప్రకారం నిర్ణీత లాభమున్న కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. చట్టంలోని ఏడో షెడ్యూలు, వారసత్వ కట్టడాల పునరుద్ధరణను, కళల రక్షణను, ప్రజా గ్రంథాలయాలను ఆ ఖర్చులో చేర్చింది. ఈ నేల మీది గాలిని అమ్ముకునే కంపెనీలను ఈ నేల మీది పద్యానికి ఒక గది అడగడం దేబిరింపు కాదు. ఇంకో లెక్క కూడా ఉంది. నాటకోత్సవాలకు, బహుమతులకు, శాలువాలకు ప్రభుత్వం ఎప్పటి నుంచో డబ్బు పెడుతూనే ఉంది. ఏటా ఏప్రిల్ 16న కందుకూరి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. రాఘవ 1946లో చనిపోయింది కూడా సరిగ్గా ఆ తేదీనే. ఒక్క రోజు సభలు, సన్మానాలు పూర్తయ్యాక ఆ రోజు ఆడిన నాటకం వీడియో ఎక్కడ దాచారో ఎవరూ అడగరు. ఉత్సవం ఖర్చులో కొంత భాగం దస్త్రానికి మళ్ళిస్తే చెరువు డబ్బు ముట్టనక్కర్లేదు.

రెండో అభ్యంతరం, అన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడితే చాలు, ఇల్లెందుకు అన్నది. ఇది నిజంగా ఆలోచించదగ్గ మాట. స్కానింగ్ తప్పక చేయాలి. చేసిన తరువాత అసలు కాగితం ఎక్కడుంటుంది? ప్రాంప్టరు ప్రతిలో పెన్సిలు గీత స్కాన్‌లో అస్పష్టంగా వస్తే మళ్ళీ చూడడానికి అసలు ప్రతి కావాలి. పైగా స్కాన్ చేయాలంటే కాగితం ముందు ఎవరి దగ్గరో ఉండాలి, వాళ్ళు నమ్మి ఇవ్వాలి. ముత్తాత దుర్యోధన వేషం ఫొటోను ఏ అమరావతి ఆఫీసుకో పంపమంటే ఎవరూ పంపరు. పక్క ఊళ్ళో తలుపు తీసి ఉండే ఇల్లు, పేరు తెలిసిన మనిషి, రసీదు ఇచ్చే పద్ధతి ఉంటే తెచ్చి ఇస్తారు. నమ్మకం కుదరడానికి చిరునామా కావాలి. అందుకే అనంతపురం పట్టణంలోనో, విజయవాడలోనో పెట్టమనే సలహా కూడా నిలవదు. బళ్ళారి నాటకం బళ్ళారి చుట్టుపక్కల పల్లెల్లో మిగిలి ఉంది. అనంతపురం నుంచి చూస్తే బళ్ళారి పరాయి రాష్ట్రం. విడపనకల్లు నుంచి చూస్తే సంతకు వెళ్ళే ఊరు. కన్నడం, తెలుగు రెండూ మాట్లాడే మనుషులు ఇక్కడ ఉన్నారు. ఆ నాటకకర్తలూ రెండు భాషల్లోనూ మసలినవాళ్ళే. ఈ సంగ్రహానికి కాపలా పెట్టేవాడికి రెండు లిపులూ రావాలి, లేకపోతే సగం కాగితాలు మూగగా ఉండిపోతాయి.

వాతావరణం కూడా ఈ పీఠభూమి పక్షానే ఉంది. అనంతపురం జిల్లాలో సగటు వాన ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. రైతుకు శాపమైన ఈ పొడితనం కాగితానికి మేలు. కోస్తా తేమలో బూజు పట్టే కాగితం ఇక్కడ ఎక్కువ కాలం నిలుస్తుంది. సీమ పాత మిద్దెల గోడలు మందం. పైకప్పు మీద దూలాలు, దంతెలు పరిచి, మీద చౌడు మట్టి కొడతారు. బయట మండిపోతున్నా లోపల గది చల్లగా ఉంటుంది, ఏసీ ఖర్చు తగ్గుతుంది. అయితే మిద్దెను ప్రేమించేవాళ్ళు దాని గుణదోషాలు కూడా ఒప్పుకోవాలి. చౌడు కప్పును ప్రతి ఏడూ వానలకు ముందు చూసుకోకపోతే ఒక్క గట్టివాన చాలు, గదిలోకి బురదనీళ్ళు దిగుతాయి. దూలానికి పట్టిన చెదలు కాగితానికి చేరడం ఎంతసేపు? నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుని పునాదిని కదుపుతుంది, గోడలు బీటలు వారతాయి. ఏ మిద్దెను ఎంచుకున్నా పునాది కింద నేల ఏమిటో చూసి ఎంచుకోవాలి. అందంగా ఉందని, కోడెద్దుల బొమ్మలున్న తలుపు ఉందని ఎంచుకోవడం కాదు. మరమ్మతులకు ఇక్కడి మేస్త్రీలే కావాలి. చౌడు కప్పు తీసేసి సిమెంటు స్లాబు వేసిన రోజున మిద్దె చల్లదనం పోతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. బళ్ళారి నాటకం ఇంగ్లీషు చదువుకున్న వకీళ్ళ నాటకం, దానికి పల్లె కరువు ప్రజలతో ఏమిటి సంబంధం, ఇది మళ్ళీ పెద్దవాళ్ళ గుడి అవుతుంది కదా అంటారు. ఈ మాటలో సగం సత్యం ఉంది. ఆ సభల సభ్యత్వం, ఆ టిక్కెట్టు కుర్చీలు ఎవరివో కరపత్రాలే చెబుతాయి. అందుకే భాండాగారం ముగ్గురు మహనీయుల దగ్గర ఆగకూడదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు మీద రంగు వేసి ఆడించే తోలుబొమ్మలాట, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటకం, దళితవాడల్లో, బోయపేటల్లో తెల్లవార్లూ ఆడిన వీధినాటకాలు, ఊరి కాంట్రాక్టు నాటకాలు, వాటి డ్రెస్సులు, సీన్లు, హార్మోనియాలు అన్నీ అదే కప్పు కింద ఉండాలి. ఊరి నాటకంలో ఒకే కృష్ణ పాత్రను ఐదుగురు పంచుకున్న రాత్రి లెక్క రాఘవ ఇంగ్లండు ప్రయాణం పక్కన ఉంటే రెండింటికీ అర్థం పెరుగుతుంది. రాఘవ ఆ ప్రయాణంలో నాటకకర్త బెర్నార్డ్ షాను కలిసి వచ్చినవాడు. అంతకన్నా ముందు తాడిపత్రి వీధుల్లో రాత్రి పూట ఏ ఆట చూశాడో తెలిస్తే ఆ షా ముచ్చట కూడా అందంగా అర్థమవుతుంది. వకీళ్ళ నాటకాన్ని ఒక్కదాన్నే అద్దాల పెట్టెలో పెడితే ఈ అభ్యంతరం గెలిచినట్టే.

సందర్శకులు వస్తారా అని కూడా అడుగుతారు. హంపీకి వెళ్ళే వాళ్ళు రోడ్డు మీద ఆగవచ్చు, ఆగకపోనూ వచ్చు. టిక్కెట్టు అమ్మకంతో నిలిచే మ్యూజియం కాదు ఇది, కాకూడదు కూడా. గుంతకల్లు, అనంతపురం కళాశాలల్లో తెలుగు చదివే విద్యార్థులకు ప్రాజెక్టు పనిగా మండలంలో ఊరూరా పాత నటుల ఇళ్ళల్లోని సామగ్రి జాబితా రాయిస్తే మొదటి ఏడాదికి ఇంతకన్నా వేరే సందర్శకులు అక్కర్లేదు. ముసలి హార్మోనిస్టు పద్యం పాడి వినిపించడం ఫోనులోనైనా రికార్డు చేసి తేదీ రాసిపెట్టాలి. ఆ తరం నటులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, దీనికి భవనం కోసం ఆగనక్కర్లేదు.

చివరిగా చట్టం. మిద్దె యజమాని దానం చేస్తాడు, కలెక్టరు గారు ప్రారంభిస్తారు, ఐదేళ్ళకు ట్రస్టులో తగాదా వస్తుంది, తాళం పడుతుంది. మనకు తెలిసిన కథే. కాబట్టి దస్తావేజులోనే కొన్ని షరతులు ఉండాలి. ఇల్లు ఒకరిది, సంగ్రహం ఒకరిది అని వేరుచేయాలి. ప్రతి వస్తువుకు నంబరు, ఇచ్చినవాళ్ళ పేరు, ఏ షరతు మీద ఇచ్చారు అన్నది రిజిస్టరులో ఉండాలి. రిజిస్టరు నకలు ఒకటి అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో, ఒకటి బళ్ళారిలోని విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పెట్టాలి. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకూ ఒకే రాజు పేరు ఉండడం ఒక మంచి సాకు కూడా. ఇల్లు మూతపడితే సంగ్రహం ముక్కలు కాకుండా ఆ రెండింటిలో దేనికి వెళ్ళాలో, ఎన్ని రోజుల్లో వెళ్ళాలో మొదటి రోజే రాసి, రెండు వైపులా సంతకాలు చేయించాలి.